ఎయిర్ ఫ్రయర్‌లో ఉల్లిగడ్డ పకోడి: కరకరలాడాలంటే ముందు నీళ్ళ సంగతి చూడండి

మృగశిర కార్తె వచ్చి మొదటి వానలు పడ్డాయంటే మా మహబూబ్‌నగర్‌లో సాయంత్రం 5 గంటలకే మిర్చి బండ్ల దగ్గర నూనె కాగే వాసన మొదలవుతుంది. ఇంట్లో కూడా అందరి నోటా పకోడి మాటే. మా నాయినకు బీపీ, కొలెస్ట్రాల్ ఉన్నాయని, నూనెలో వేయించినవి తగ్గించమని డాక్టర్ చెప్పాక ఎయిర్ ఫ్రయర్ కొన్నాం. మొదటిరోజు అమ్మ ఎప్పటిలాగే పిండి కలిపింది, నేను దాన్ని అలాగే బుట్టలో వేశాను. పిండి చిల్లుల్లోంచి కారి అడుగున అట్టులా అతుక్కుంది. పైన నిలిచిన ముద్దలు తెల్లగా పొడిబారాయి. విరిస్తే లోపల పచ్చిపిండి. "నూనెల ఎయ్యనిది పకోడి ఎట్లయితది బిడ్డా" అంది అమ్మ. నాయిన మాత్రం ఏమీ అనకుండా రెండు తిని చాయ్ తాగాడు. ఆయన అట్లా తినడం చూసి బాధేసింది. దీన్ని సరిగ్గా నేర్చుకోవాల్సిందే అనుకున్నాను.

ఆ తర్వాత చాలా వాయిలు తీశాను. చివరికి తేలిందేమంటే, ఎయిర్ ఫ్రయర్‌లో పకోడి మెత్తబడేది నూనె తక్కువై కాదు, నీళ్ళు ఎక్కువై. కింద చెప్పేదంతా ఆ నీళ్ళను ఎక్కడెక్కడ పట్టుకోవాలో చెప్పడమే.

కడాయిలో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పిండి వేయగానే బుసబుసమని బుడగలొస్తాయి కదా, అవి పిండిలోని నీళ్ళు ఆవిరై బయటికి రావడం. 180 డిగ్రీల దగ్గర ఉన్న నూనె పిండిని అన్ని వైపులా ఒక్కసారే పట్టుకుంటుంది కాబట్టి జారుడు పిండి కూడా క్షణాల్లో గట్టిపడుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఆ పని గాలి చేయాలి. గాలి వేడిని అందించే వేగం నూనెతో పోలిస్తే చాలా తక్కువ. 180 డిగ్రీల ఓవెన్‌లోకి గుడ్డ పట్టుకుని చెయ్యి పెట్టి గిన్నె బయటికి తీయగలం. అదే వేడి ఉన్న నూనె వేలి కొసకు తగిలినా బొబ్బ వస్తుంది. తేడా అంత ఉంది. ఫిలిప్స్ కంపెనీ 2010లో మొదట మార్కెట్‌లోకి తెచ్చిన ఈ మిషన్ నిజానికి చిన్న ఓవెనే. పైన కాయిల్ వేడెక్కుతుంది, దాని మీద ఫ్యాన్ ఆ వేడిగాలిని గట్టిగా కిందికి తోస్తుంది. అందుకే దీనికి పల్చటి పిండి పనికిరాదు, లావు ముద్దలు పనికిరావు, కిక్కిరిసిన బుట్ట అసలే పనికిరాదు.

మిషన్ ఎక్కడ పెట్టాలి

వంటకు ముందు ఒక్క విషయం. మామూలు 4 లీటర్ల ఎయిర్ ఫ్రయర్ 1200 నుంచి 1500 వాట్ల కరెంటు తీసుకుంటుంది. దాన్ని ఫ్రిజ్‌కో గీజర్‌కో వాడే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్‌లో పెట్టండి. ఫోన్ చార్జర్లు పెట్టే చిన్న సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి నడిపిస్తే వైరు వేడెక్కుతుంది. ఇంట్లో వాడే చిన్న ఇన్వర్టర్ మీద కూడా పెట్టొద్దు. వెనుక నుంచి వేడిగాలి బయటికి వస్తుంది కాబట్టి గోడకు కనీసం జానెడు దూరం ఉంచండి. స్టవ్ మీద పెట్టి వాడేవాళ్ళను చూశాను, పొరపాటున బర్నర్ వెలిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కరెంటు ఖర్చు గురించి టెన్షన్ వద్దు. 1400 వాట్ల మిషన్ 35 నిమిషాలు నడిచినా ఒక యూనిట్ కూడా కాలదు.

ఏమేం కావాలి

నలుగురికి సరిపడా కొలత ఇది. ఉల్లిగడ్డలు 300 గ్రాములు, అంటే మధ్యరకంవి 3. శనగపిండి 100 గ్రాములు, బియ్యప్పిండి 30 గ్రాములు, అంటే సుమారు 3 టేబుల్ స్పూన్లు. ఉప్పు ముప్పావు టీ స్పూన్, కారం 1 టీ స్పూన్, పసుపు చిటికెడు, జీలకర్ర అర టీ స్పూన్, వాము పావు టీ స్పూన్. సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు 2, చిన్న అల్లం ముక్క, 4 ఎల్లిగడ్డ రెబ్బలు కచ్చాపచ్చాగా దంచినవి, గుప్పెడు కొత్తిమీర, రెండు రెమ్మల కరివేపాకు. పల్లినూనె ఒకటిన్నర టేబుల్ స్పూన్, మొత్తం అంతే.

శనగపిండి గురించి కొంచెం చెప్పాలి. నూనెలో అయితే పచ్చివాసన తొందరగా పోతుంది. గాలిలో పోదు. అందుకే నేను శనగపిండిని ముందే మూకుట్లో సన్నమంట మీద 2, 3 నిమిషాలు వేడి చేస్తాను. రంగు మారకూడదు, కమ్మటి వాసన మొదలవగానే దించేయాలి. ఎర్రగా వేయిస్తే పిండి జిగురు పోయి ఉల్లిగడ్డను పట్టుకోదు. ఎయిర్ ఫ్రయర్ పకోడిలో పచ్చివాసన వస్తుందని చెప్పేవాళ్ళు ఈ ఒక్క పని చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

బియ్యప్పిండి కరకర కోసం. ఇంట్లో ఉన్న మామూలు పిండి చాలు, మెత్తటి జల్లెడ పట్టాల్సిన పని లేదు. కొంచెం బరకగా ఉంటేనే పంటికి బాగుంటుంది. మిర్యాలగూడ వైపు మా చిన్నమ్మ వాళ్ళింట్లో దొడ్డు బియ్యం కడిగి ఆరబెట్టి గిర్నీలో పట్టిస్తారు. ఆ పిండితో చేసినవి నాకు బాగా నచ్చాయి. షుగర్ ఉన్నవాళ్ళు బియ్యప్పిండి బదులు జొన్నపిండి వేసుకోవచ్చు. గట్టిదనం వస్తుంది, రుచి మాత్రం కాస్త రొట్టె వైపు పోతుంది.

నూనె అసలే వద్దని కొందరు పూర్తిగా మానేస్తారు. అట్లా చేయొద్దు. పిండి ఎర్రబడాలన్నా, వేడి దానికి సమంగా అందాలన్నా కాస్త నూనె పొర ఉండాలి. ఆ పొర లేకపోతే పిండి ఎండుతుంది గానీ వేగదు. పల్లినూనే ఎందుకంటే, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు పల్లీ పంట ఎక్కువ, మాకు చిన్నప్పటి నుంచి అలవాటైన రుచి అదే. గానుగ నూనె వాడితే వేడి 180 దాటకుండా చూసుకోండి, అది తొందరగా పొగపడుతుంది.

ఉల్లిగడ్డను చూసి కొనండి

ఇక్కడే సగం పని ఉంది. ఉల్లిగడ్డలో దాదాపు 90 శాతం నీళ్ళే. 300 గ్రాముల గడ్డల్లో 270 గ్రాముల దాకా నీళ్ళున్నాయంటే మనం పిండిలో ఒక్క చుక్క కలపకపోయినా పాత్రలో నీళ్ళు ఉన్నట్టే.

అన్ని గడ్డలూ ఒకటి కాదు. యాసంగి పంట ఎండాకాలంలో చేతికొస్తుంది. పొట్టు బాగా ఎండి, మెడ దగ్గర సన్నబడి, గట్టిగా ఉంటుంది, నెలల తరబడి నిల్వ ఉంటుంది. వానాకాలం పంట దసరా, దీపావళి రోజుల నుంచి వస్తుంది. పొట్టు పల్చగా, గడ్డ తేమగా ఉంటుంది, తొందరగా చెడిపోతుంది. మా జిల్లాలో దేవరకద్ర మార్కెట్ ఉల్లిగడ్డకు పేరు. బుధవారం నాడు అక్కడ గడ్డల వేలం జరుగుతుంది. అలంపూర్ వైపువాళ్ళకు తుంగభద్ర దాటితే కర్నూలు మార్కెట్ దగ్గర. మీరు ఎక్కడ కొన్నా బొటనవేలితో మెడ దగ్గర నొక్కి చూడండి. మెత్తగా దిగితే అది కూరకు తీసుకోండి. గట్టిగా ఉండి, చేతిలో ఆడిస్తే పొట్టు గలగలలాడేది పకోడికి తీసుకోండి. తేమ గడ్డలే దొరికితే వాటితోనే చేయొచ్చు. పిండి ఇంకో 2 స్పూన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

అందుకే నా కొలతను పట్టుకుని గుడ్డిగా చేయొద్దు. నాకు మే నెలలో సరిపోయిన పిండి మీకు నవంబర్‌లో సరిపోకపోవచ్చు. చేతికి తెలిసేదాన్ని నమ్మండి.

తరగడం, ఉప్పు పట్టించడం

గడ్డను నిలువునా రెండు చెక్కలు చేసి, సన్నటి చీలికలుగా తరగండి. అగ్గిపుల్ల కంటే కొంచెం వెడల్పు ఉంటే చాలు. మరీ కాగితంలా తరిగితే బయటికి వచ్చిన కొసలు పకోడి వేగేలోపే నల్లబడి చేదవుతాయి. ఉల్లిగడ్డలో చక్కెర ఉంటుంది కదా, అది తొందరగా మాడుతుంది. లావుగా తరిగితే లోపల పచ్చిగా నీళ్ళు కక్కుతుంది. తరిగిన రేకులన్నీ చేత్తో విడదీయండి. అంటుకుని ఉన్న పొరల మధ్యకు పిండి పోదు.

ఇప్పుడు ఉప్పు చల్లి, రెండు చేతులతో గట్టిగా పిసకండి. బతుకమ్మకు సత్తుపిండి కలిపేటప్పుడు ఎట్లా పిసుకుతామో అంత బలంగా. పచ్చిమిర్చి, అల్లం, ఎల్లిగడ్డ, వాము, జీలకర్ర కూడా ఇప్పుడే వేయండి. మూతపెట్టి 10 నిమిషాలు వదిలేయండి. ఉప్పు ఉల్లిగడ్డలోని నీటిని బయటికి లాగుతుంది. తిరిగి చూస్తే రేకులు మెత్తబడి, గిన్నె అడుగున నీరు ఊరి ఉంటుంది.

ఆ నీటిని పారబోయాలా? ఒక్కోసారి పారబోయాలి. గిన్నె వంచితే 2 స్పూన్ల కంటే ఎక్కువ పారుతోందంటే, ఉల్లిగడ్డను చేత్తో మెల్లగా పిండి పక్కకు తీసి, ఆ నీటిని గ్లాసులో పోసి ఉంచండి. పిండి కలిపేటప్పుడు తక్కువైతే అదే చల్లుకోవచ్చు. అందులో ఉప్పు, ఉల్లి ఘాటు రెండూ ఉంటాయి, నల్లా నీళ్ళ కంటే అది మేలు. కొందరు గుడ్డలో వేసి గట్టిగా పిండేస్తారు. అట్లా చేస్తే రసమంతా పోయి నమిలితే పీచు తగులుతుంది, నేనైతే చేయను.

పిండి కలపడం

ఒక ముఖ్యమైన సంగతి: మొత్తం పిండి ఒకేసారి కలపొద్దు. నూనెలో అయితే పది నిమిషాల్లో అన్ని వాయిలూ అయిపోతాయి. ఇందులో ఒక్కో వాయికి 12 నుంచి 14 నిమిషాలు పడుతుంది. మొదటి వాయి వేగేలోపు మిగతా పిండిలో ఉల్లిగడ్డ నీరు కక్కుతూనే ఉంటుంది, రెండో వాయికి పిండి జారిపోతుంది. మొదటి వాయి బాగా వచ్చి రెండోది చెడిపోయిందని చాలామంది అనేది ఇందుకే. ఉప్పు పట్టించిన ఉల్లిగడ్డను సగం చేసుకోండి. సగానికి సగం పిండి ఇప్పుడు, మిగతా సగం మొదటి వాయి దించడానికి 3 నిమిషాల ముందు.

శనగపిండి, బియ్యప్పిండి, కారం, పసుపు విడిగా కలిపి ఉంచుకోండి. ఉల్లిగడ్డ మీద అందులో సగం చల్లి, కొత్తిమీర, తుంచిన కరివేపాకు వేయండి. అర టేబుల్ స్పూన్ పల్లినూనెను చిన్న గరిటెలో వేడి చేసి దాని మీద పోయండి. స్పూన్‌తో ఒకసారి తిప్పి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక వేళ్ళతో కలపండి. మెత్తగా పిసకొద్దు, పైకి ఎత్తి ఎత్తి వదులుతూ కలపండి. మొదట పొడిపొడిగా అనిపిస్తుంది. వెంటనే నీళ్ళు పోయకండి, ఒక నిమిషం ఆగండి. ఉల్లిగడ్డ తడికే పిండి అంటుకుంటుంది.

ఎంత తడి ఉండాలో చూడటానికి రెండు గుర్తులున్నాయి. గుప్పెడు తీసుకుని నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళు విప్పితే జారకూడదు. రెండోది, ఎక్కడా పొడిపిండి తెల్లగా కనిపించకూడదు. నూనెలో అయితే ఆ తెల్లమచ్చ నూనె తగిలి వేగుతుంది, ఇందులో మాత్రం తెల్లమచ్చ తెల్లమచ్చలాగే బయటికి వస్తుంది, నోట్లో పిండి పిండిగా తగులుతుంది. అట్లాంటి మచ్చలుంటే పక్కన పెట్టిన ఉల్లి నీటిలో వేళ్ళు ముంచి రెండు మూడు సార్లు చిలకరించండి.

సోడా వేయాలా అంటే, చిటికెడు వేస్తే రంగు తొందరగా వస్తుంది. నేను వేయను. సోడాలోనూ సోడియమే, బీపీ ఉన్నవాళ్ళకు చేస్తున్నప్పుడు దాన్ని వదిలేయడమే మంచిది.

బుట్టలో పెట్టడం

మిషన్‌ను ఖాళీగా 180 డిగ్రీల మీద 4 నిమిషాలు నడిపించండి. బుట్ట వేడిగా ఉంటే పిండి తగిలిన చోట వెంటనే గట్టిపడుతుంది, అతుక్కోదు. చిల్లుల కాగితం వాడేవాళ్ళు దాన్ని ఖాళీ మిషన్‌లో పెట్టి వేడి చేయొద్దు. ఫ్యాన్ గాలికి కాగితం లేచి కాయిల్‌కు తగిలి కాలుతుంది. పిండి బరువు మీద పడ్డాకే కాగితం లోపలికి పోవాలి. నిజానికి పిండి సరిగ్గా కలిస్తే కాగితం అవసరం లేదు. బుట్టకు బ్రష్‌తో పల్చగా నూనె రాస్తే చాలు.

ఇప్పుడు పిండిని పెద్ద నిమ్మకాయంత తీసుకుని, ముద్ద చేయకుండా, వేళ్ళతో చిందరవందరగా పరిచినట్టు పెట్టండి. ఎత్తు వేలి మందం దాటకూడదు. మధ్యలో సందులు ఉన్నా పర్వాలేదు, ఉండటమే మంచిది, గాలి అందులోంచి పోతుంది. మన ఇళ్ళలో సర్వపిండి, తపాలచెక్క చేసేటప్పుడు మధ్యలో వేలితో చిల్లులు పెడతాం కదా, ఇదీ అంతే. గుండ్రటి బొద్దు పకోడి నూనెకు సరిపోతుంది. గాలికి కావాల్సింది పల్చటి గజిబిజి గూడు.

4 లీటర్ల బుట్టలో 9 లేక 10 కంటే ఎక్కువ పట్టవు. ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. ఇంకో నాలుగు ఇరికిస్తే ఒక వాయి మిగులుతుందనిపిస్తుంది గానీ, వాటి ఆవిరి వాటికే తగిలి అన్నీ ఉడికినట్టు అవుతాయి.

వేయించడం

180 డిగ్రీలు, మొదటి 7 నిమిషాలు తెరవొద్దు. మధ్యలో తీసి కదిపితే ఇంకా గట్టిపడని పిండి విరుగుతుంది. 7 నిమిషాలకు తీసి, మిగిలిన నూనెలో కొంత బ్రష్‌తో పైపైన అద్దండి. స్ప్రే సీసా ఉంటే ఇంకా సుళువు. కానీ మీరు నూనె నింపుకునే మామూలు సీసా వాడండి. దుకాణంలో డబ్బాలో అమ్మే గ్యాస్ స్ప్రేల్లో కలిపే లెసిథిన్ బుట్ట మీది నాన్‌స్టిక్ పూతకు జిగురులా పట్టేసి పోదు. ఒక్కొక్కటి పట్టుకారుతో తిప్పి మళ్ళీ 4 నిమిషాలు పెట్టండి.

ఇప్పుడు ఒకటి తీసి విరవండి. లోపల తడి మెరుపు కనిపిస్తే ఇంకో 2 నిమిషాలు 170 మీద. లోపల ఆరిపోయి పైన రంగు మాత్రం తక్కువైతే 1 లేక 2 నిమిషాలు 200 మీద. గానుగ నూనె అయితే 180 మీదే ఇంకో 3 నిమిషాలు ఉంచండి. ముందే 200 పెట్టడం చాలామంది చేసే తప్పు. ఉల్లి కొసలు మాడతాయి, లోపల పచ్చి మిగులుతుంది. మిషన్‌కు మిషన్‌కు వేడిలో తేడా ఉంటుంది, కాబట్టి మొదటిసారి నాలుగే పెట్టి చూసుకోండి, మీ మిషన్ లెక్క తెలిసిపోతుంది. రెండో వాయికి మిషన్ వేడిగా ఉంటుంది కాబట్టి ఒక నిమిషం ముందే చూడండి.

రంగు బండి మీది పకోడి అంత ముదురుగా రాదు. తేనె రంగు దగ్గర ఆపండి. ఇంకా ఎర్రబడాలని ఉంచితే గట్టి రాయి అవుతుంది, పళ్ళు లేని పెద్దవాళ్ళు తినలేరు.

తీశాక కూడా జాగ్రత్త ఉంది. ప్లేట్‌లో కుప్పగా పోస్తే, పేపర్ మీద పోస్తే, డబ్బాలో మూతపెడితే కింది ఆవిరితో రెండు నిమిషాల్లో మెత్తబడతాయి. బోర్లించిన జల్లెడ మీద 2 నిమిషాలు విడివిడిగా ఉంచండి. ఈ చివరి రెండు నిమిషాల్లో కూడా నీళ్ళు బయటికి పోతూనే ఉంటాయి, తీసినప్పటి కంటే అప్పుడే ఎక్కువ కరకరలాడతాయి. పిల్లలు ఆగరు, అయినా ఆపండి.

తినడానికి పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మ చెక్క, ఉప్పు రాసి అదే బుట్టలో 3 నిమిషాలు వేయించిన పచ్చిమిర్చి చాలు. మా ఇంట్లో పల్లి చట్నీ కూడా ఉంటుంది. అది కాస్త గట్టిగా నూరుకోండి.

తేలిక అంటే ఎంత తేలిక

మేం వాడిన నూనె ఒకటిన్నర టేబుల్ స్పూన్, అంటే సుమారు 20 గ్రాములు. గ్రాము కొవ్వుకు 9 కేలరీల లెక్కన మొత్తం 180. నలుగురికి పంచితే మనిషికి 45. కడాయిలో వేయిస్తే ఎంత నూనె పకోడిలోకి పోతుందో తెలుసుకోవాలంటే వేయించే ముందు, చల్లారాక నూనెను తూచి చూడండి. మీ ఇంటి లెక్క మీకే తెలుస్తుంది.

ఇంకో లాభం నాకు దీనికంటే పెద్దదిగా కనిపిస్తుంది. కడాయిలో మిగిలిన నూనెను పారబోయడానికి మనసు రాదు, రేపు పూరీలకు, ఎల్లుండి అప్పడాలకు మళ్ళీ కాస్తాం. వేయించిన నూనెను మళ్ళీ మళ్ళీ వేయించడానికి వాడొద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఇందులో మిగిలే నూనే లేదు కాబట్టి ఆ బాధ ఉండదు.

అయితే నూనె తగ్గింది గానీ ఉప్పు తగ్గలేదు, పిండి తగ్గలేదు. 100 గ్రాముల శనగపిండి అంటే 370 కేలరీల పైమాటే. బీపీ ఉన్నవాళ్ళకు చేసేటప్పుడు ఉప్పు అర టీ స్పూన్‌కు తగ్గించి, ఉల్లిగడ్డను 10 నిమిషాలకు బదులు 15 నిమిషాలు ఊరనివ్వండి. ఆ లోటు పచ్చిమిర్చి, వాము, చివర్లో పిండే నిమ్మరసం తీరుస్తాయి. మా నాయినకు 5 పెడతాను, మంచిగున్నాయి కదా అని 10 పెట్టను.

అదే బుట్టలో ఇంకో రెండు

పిల్లలు ఉల్లి రింగులు అడుగుతారు. వాటికి పెద్ద గడ్డలు కావాలి. సెంటీమీటర్ మందం చక్రాలుగా కోసి రింగులు విడదీయండి. ఒక్కో రింగు లోపలి వైపు గాజుకాగితంలాంటి పల్చటి పొర ఉంటుంది, దాన్ని గోటితో లాగేయండి. అది ఉంటే పిండి పట్టదు, కొరకగానే ఉల్లిగడ్డ జారి బయటికి వచ్చి పిండి గొట్టం చేతిలో మిగులుతుంది. రింగులను గుడ్డతో తుడిచి, పొడి బియ్యప్పిండిలో దొర్లించి, తర్వాత 4 స్పూన్ల శనగపిండి, 3 స్పూన్ల గట్టి పెరుగు, ఉప్పు, కారం కలిపిన చిక్కటి పిండిలో ముంచండి. చివర్లో రస్కుల పొడిలోగానీ, వేయించి చేత్తో నలిపిన పల్చటి అటుకుల్లోగానీ అద్దండి. ఆ పొడిలో ముందే ఒక టేబుల్ స్పూన్ నూనె కలిపి ఉంచితే రంగు అంతటా ఒకేలా వస్తుంది. ప్లేట్‌లో పరిచి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, 190 డిగ్రీల మీద 5 నిమిషాలు, తిప్పి 4 నిమిషాలు వేయించండి. ఫ్రిజ్‌లో పెట్టకుండా వేస్తే పొడి రాలిపోతుంది.

రెండోది ఉల్లికాడల చెక్కలు, సర్వపిండి రుచితో. ఒక కప్పు బియ్యప్పిండిలో సన్నగా తరిగిన ఉల్లికాడలు అర కప్పు, దంచిన పల్లీలు 2 స్పూన్లు, నువ్వులు 1 స్పూన్, ఉప్పు, కారం, ఒక టేబుల్ స్పూన్ నూనె కలపండి. దీన్ని మరిగిన నీళ్ళతోనే కలపాలి. చల్లటి నీళ్ళతో కలిపితే బియ్యప్పిండి గాలిలో ఉడకదు, చెక్కలు పళ్ళకు ఇసుకలా తగులుతాయి. చిన్న ఉండలు చేసి, తడిగుడ్డ మీద పప్పుచెక్కలంత పల్చగా ఒత్తి, వేలితో మధ్యలో చిల్లులు పెట్టి, పైన నూనె అద్ది 180 మీద 7 నిమిషాలు, తిప్పి 5 నిమిషాలు. ఇవి మరుసటి రోజు కూడా మెత్తబడవు. హాస్టల్లో ఉన్న మా తమ్ముడికి పంపేవి ఇవే.

మిగిలితే, కడగడం

పకోడి మిగిలితే మూత లేకుండా చల్లారనిచ్చి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మరుసటి రోజు 180 మీద 3 నిమిషాలు వేడి చేస్తే చాలావరకు తిరిగొస్తాయి. మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం తోలులా సాగుతాయి.

బుట్ట పూర్తిగా వేడి తగ్గాక, గోరువెచ్చటి నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి 15 నిమిషాలు నాననివ్వండి. ఎండిన శనగపిండి అప్పుడు మెత్తటి స్పాంజ్‌కే వదిలిపోతుంది. ఇనుప పీచుతో రుద్దితే పూత లేచిపోతుంది, ఆ తర్వాత ప్రతి వాయీ అతుక్కుంటుంది. నెలకోసారి ప్లగ్ తీసేసి, మిషన్ చల్లగా ఉన్నప్పుడు వెనక్కి వంచి పైన కాయిల్ వైపు టార్చ్ వేసి చూడండి. ఎగిరిన ఉల్లి రేకులు, కరివేపాకు అక్కడ ఇరుక్కుని ఉంటాయి. తడిగుడ్డతో వాటిని తుడిచి, బాగా ఆరాకే మళ్ళీ ప్లగ్ పెట్టండి. తుడవకపోతే తర్వాత వేసే పకోడికంతా మాడు వాసన పడుతుంది.